ఉడికించినా రక్తపు పొడిలో సాల్మొనెల్లా అనే రోగక్రిమి వస్తోంది, ఎలా ఆరబెట్టాలి?

గుంటూరు పక్కన పల్లెలో 300 నాటుకోళ్లు పెంచుతున్నాను. మేకలు కోసే చోట నుంచి రోజూ 20 లీటర్ల రక్తం తెచ్చి, దాణాలో వందకు 3 పాళ్లు కలపడానికి పొడి చేస్తున్నాను. ఇది కోళ్లకే. పాడి పశువులకు, మేకలకు పెట్టను, పెట్టకూడదు కూడా.

కోసిన రెండు గంటల్లోపే గంగాళంలో ఉడికిస్తాను. ముద్ద మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 96 డిగ్రీలు చూపిస్తుంది, అక్కడి నుంచి 45 నిమిషాలు ఉంచుతాను. గోనెసంచిలో వేసి నీళ్లు పిండి, డాబా మీద పట్టాపై రెండు రోజులు ఎండబెట్టి మర పట్టిస్తాను. తేమ 9 శాతమే. అయినా ల్యాబ్ పరీక్షలో రెండుసార్లూ సాల్మొనెల్లా ఉందనే వచ్చింది.

మొదటి రిపోర్టు తర్వాతే ఉడికించే టైము 20 నిమిషాల నుంచి 45కి పెంచాను. పొడిని 80 డిగ్రీల్లో అరగంట వేయించాను కూడా. లాభం లేదు. పొడిగా ఉన్నప్పుడు ఈ క్రిమి వేడిని బాగా తట్టుకుంటుందని తర్వాత తెలిసింది. 133 డిగ్రీలు, 3 బార్ల ప్రెషర్, 20 నిమిషాలు ఉంచి క్రిములను చంపే పద్ధతికి కావాల్సిన మెషిన్ నా స్థోమతకు మించింది. అయినా లోపం ఉడికించడంలో కాదు, ఆ తర్వాతే ఉందని నా అనుమానం. నిన్న పట్టా మడతలో తడి ఆరని కాకిరెట్ట కనిపించింది. పైగా పచ్చి రక్తం తెచ్చిన బకెట్‌తోనే ఉడికిన ముద్దనూ పైకి మోస్తున్నాను. ఈ కోళ్ల గుడ్లు మా పిల్లలూ తింటారు, అందుకే ప్రస్తుతం కలపడం ఆపేశాను.

పెద్ద డ్రయర్ కొనకుండా, ఉడికిన ముద్దకు మళ్లీ క్రిమి అంటకుండా రోజుకు నాలుగైదు కిలోలు ఆరబెట్టడానికి మీలో ఎవరైనా ఏ ఏర్పాటు వాడుతున్నారు?