గోల్ఫ్ మాటలు అర్థం కావట్లేదు, బెంగళూరులో ఆడే తెలుగువాళ్లు ఎవరైనా చెప్పండి

బెళ్ళందూరు_నెల్లూరోడు:
అందరికీ నమస్తే. వచ్చే శనివారం మా ఆఫీసు వాళ్లు క్లయింట్లతో కలిసి గోల్ఫ్ పెట్టారు. నన్నడక్కుండానే నా పేరు ఇచ్చేశారు. కొన్నాళ్లుగా రేంజ్‌కి వెళ్లి బంతులు కొడుతున్నా కాబట్టి క్లబ్ పట్టుకోవడం వచ్చు. వాళ్ల మాటలే బుర్రకెక్కట్లేదు. ఇవాళ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూడండి:

"శనివారం 6:30 షాట్‌గన్ స్టార్ట్. ఫార్మాట్ స్టేబుల్‌ఫోర్డ్, త్రీ ఫోర్త్ హ్యాండికాప్. రెండు హోల్స్‌లో ఎన్‌టిపి, ఒకదాంట్లో లాంగెస్ట్ డ్రైవ్. కాలర్ ఉన్న టీషర్ట్ తప్పనిసరి."

ఇందులో నాకు అర్థమైంది టీషర్ట్ ఒక్కటే. నెట్‌లో వెతికితే వందల పదాలు అక్షరక్రమంలో పేర్చి పెట్టారు. అంత చదివే ఓపిక లేదు, టైమూ లేదు. శనివారం గట్టెక్కడానికి ఏవి తెలిస్తే చాలు?

ఇందిరానగర్_రావు:
బాబూ, ముందు పార్ పట్టుకో. మిగతావన్నీ దాన్ని బట్టే వస్తాయి.

హోల్ అంటే గుంట ఒక్కటే కాదు, మొదటి షాట్ కొట్టే చోటు (దాన్ని టీ అంటారు) నుంచి ఆ గుంట దాకా ఉన్న భాగమంతా. ప్రతి హోల్‌కీ పార్ అని ఒక అంకె ఉంటుంది. బాగా ఆడేవాడు ఆ హోల్‌ని ఎన్ని షాట్లలో ముగించాలో అది చెబుతుంది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, అందులో రెండు పట్‌లు (గుంట దగ్గర బాల్‌ని నేల మీద దొర్లించే షాట్లు) ముందే కలిపి ఉంటాయి. పార్ 3 అంటే ఒక్క షాట్‌లో గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పొట్టి గడ్డి) మీదికి చేరాలి, తర్వాత రెండు పట్‌లు. పార్ 4 అయితే రెండు షాట్లలో చేరాలి, పార్ 5 అయితే మూడు. అలా చేరితే "గ్రీన్ ఇన్ రెగ్యులేషన్" అంటారు. మామూలుగా 18 హోల్స్‌లో పార్ 3లు నాలుగు, పార్ 4లు పది, పార్ 5లు నాలుగు ఉంటాయి. కలిపితే 72. కోర్సుని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది.

రమ్మీలో లాగే ఇక్కడా అంకె తక్కువ ఉన్నవాడిదే గెలుపు. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, మూడు తక్కువైతే ఆల్బట్రాస్. ఈ చివరిది చూడకుండానే జీవితమంతా ఆడేసేవాళ్లు ఉన్నారు, దాన్ని మర్చిపో. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. ఆ పైన ట్రిపుల్. ఆ తర్వాత పేర్లు పెద్దగా వాడరు, అంకె చెబుతారంతే. నీకు శనివారం ఎక్కువగా వినిపించేవి డబుల్, ట్రిపుల్.

జేపీనగర్_సుజాత:
పార్ సంగతి రావు గారు చెప్పేశారు కాబట్టి ఒక్క మాట. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ ఆఖరి రౌండు రోజు తెల్లవారుజామునే మా ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు. అప్పటివరకూ మా అత్తగారికి గోల్ఫ్ అంటే ఏమిటో తెలియదు. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 72 హోల్స్‌కి పార్ కంటే 15 తక్కువ కొట్టి నాలుగో స్థానంలో ఆగిపోయింది. కాంస్యం తెచ్చుకున్న అమ్మాయి 16 తక్కువ. తేడా ఒక్క షాట్. "అండర్ పార్" అంటే ఏంటని ఆ తర్వాత మా అత్తగారు ఎవర్నీ అడగలేదు.

కోరమంగళ_కిరణ్:
మెసేజ్ సంగతి నేను చెబుతా. షాట్‌గన్ స్టార్ట్ అంటే తుపాకీ ఏమీ ఉండదు బ్రో. అందరూ మొదటి హోల్ దగ్గరే క్యూ కట్టకుండా ఒక్కో బ్యాచ్ ఒక్కో హోల్ దగ్గర నిలబడి ఒకే టైముకి మొదలుపెడతారు. నీకు 11వ హోల్ వచ్చిందనుకో, 11తో మొదలెట్టి 10తో ముగిస్తావు. కాబట్టి 6:30కి క్లబ్ గేటు దగ్గర ఉంటే సరిపోదు, నీ హోల్ దగ్గరికి చేరిపోవాలి. బెళ్ళందూరు నుంచి ఎప్పుడు బయల్దేరాలో నేను చెప్పక్కర్లేదు.

స్టేబుల్‌ఫోర్డ్ కొత్తవాళ్లకి వరం. షాట్లు కూడటం కాదు, హోల్‌కి ఇన్ని పాయింట్లని ఇస్తారు. పార్ కొడితే 2, బర్డీకి 3, ఈగిల్‌కి 4, బోగీకి 1, డబుల్ బోగీ, ఆపైన సున్నా. ఇక్కడ మాత్రం పాయింట్లు ఎక్కువ ఉన్నవాడు గెలుస్తాడు. ఒక హోల్‌లో 11 కొట్టావనుకో, నష్టం ఆ హోల్ వరకే. పాయింట్ రాదని తేలగానే బాల్ చేత్తో తీసి జేబులో వేసుకో. "పికప్" అంటే అదే. అది తప్పు కాదు, పైగా వెనక బ్యాచ్ వాళ్లు దీవిస్తారు.

బెళ్ళందూరు_నెల్లూరోడు:
థాంక్స్ అన్నా. పార్ కొడితే 2 అన్నావు. నేను పార్ ఎక్కడ కొడతాను? మొత్తం సున్నాలే కదా?

ఇందిరానగర్_రావు:
అక్కడికే వస్తున్నా నాయనా. హ్యాండికాప్ ఉన్నది దానికే.

నీ బలహీనతకి తగ్గట్టు నీకు ముందే ఇచ్చే షాట్ల లెక్క అది. 18 హ్యాండికాప్ ఉన్నవాడు పార్ 72 కోర్సులో 92 కొట్టాడనుకో. ఆ 92 గ్రాస్. 18 తీసేస్తే 74, అది నెట్. 5 హ్యాండికాప్ వాడు 80 కొడితే నెట్ 75. గెలిచింది మొదటివాడు. మామగారూ అల్లుడూ, మేనేజరూ ట్రైనీ ఒకే మైదానంలో నిజంగా పోటీ పడగలిగే ఆటలు ఎన్ని ఉన్నాయో చెప్పు. నన్నడిగితే గోల్ఫ్‌లో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే. ఈ ఒక్క మాట గట్టిగా అర్థమైతే మిగతా సగం మాటలు తెలియకపోయినా ఆట నడిచిపోతుంది.

స్టేబుల్‌ఫోర్డ్‌లో ఈ షాట్లు ఏ హోల్‌లో వాడుకోవాలో స్కోర్‌కార్డ్ చెబుతుంది. ప్రతి హోల్ పక్కన స్ట్రోక్ ఇండెక్స్ అని 1 నుంచి 18 దాకా అంకెలుంటాయి. 1 అంటే షాట్ అవసరం ఎక్కువగా పడే కష్టమైన హోల్, 18 అంటే తేలికది. నీకు 24 ఇచ్చారనుకుందాం. త్రీ ఫోర్త్ అంటే అందులో ముప్పావు వంతు, అంటే 18. కాబట్టి ప్రతి హోల్‌లోనూ ఒక షాట్ నీకు ఉచితం. పార్ 4లో 6 కొట్టావు, నెట్ 5, అంటే నెట్ బోగీ, ఒక పాయింట్. 5 కొడితే నెట్ పార్, 2 పాయింట్లు. నీ సున్నాల బాధ తీరిందా? హోల్‌కి రెండు చొప్పున 36 పాయింట్లు వస్తే నీకిచ్చిన ఆ 18 షాట్లకి తగ్గట్టు ఆడినట్టు.

కోరమంగళ_కిరణ్:
ఒక చిన్న చేర్పు రావు గారూ. హ్యాండికాప్ అంటే సగటు స్కోరు అని చాలామంది అనుకుంటారు. 2020 నుంచి ఉన్న ప్రపంచ హ్యాండికాప్ పద్ధతిలో ఆఖరి 20 రౌండ్లలో మేలైన 8 మాత్రమే తీసుకుంటారు. అంటే అది నువ్వు బాగా ఆడిన రోజుల లెక్క. మామూలు రోజున దానికంటే ఎక్కువే కొడతావు, కంగారు పడొద్దు. గరిష్ఠం 54. నీకు అధికారికంగా హ్యాండికాప్ లేదు కాబట్టి "లేదు, మీరే ఏదో ఒకటి వేయండి" అని నిర్వాహకులకి ముందే చెప్పెయ్. గొప్పకి పోయి 15 అని రాశావా, 18 హోల్స్ నరకం చూస్తావు.

వైట్‌ఫీల్డ్_విక్కీ:
మామా ఇంత టెన్షన్ అక్కర్లేదు. మొదటి టీ మీద షాట్ చెడిపోతే మల్లిగన్ అని ఇంకోటి కొట్టుకోవచ్చు, పాతది లెక్కలోకి రాదు. గ్రీన్ మీద బాల్ హోల్‌కి దగ్గర్లో ఉంటే "గిమ్మీ" అని తీసేసుకో. రూల్సే.

ఇందిరానగర్_రావు:
విక్కీ బాబూ, మల్లిగన్ ఏ రూల్‌లోనూ లేదు. స్నేహితుల మధ్య ఒప్పందం, అంతే. గిమ్మీ సంగతి సగం నిజం. ఇద్దరు ఎదురెదురుగా హోల్ హోల్‌కీ పోటీ పడే మ్యాచ్ ప్లేలో ఎదుటివాడు పట్ వదిలెయ్యొచ్చు, అది రూల్స్‌లో ఉంది. మిగతా పోటీల్లో స్కోరు రాసుకోవాలంటే బాల్ హోల్‌లో పడాల్సిందే. ఆఫీసు ఆటల్లో చూసీ చూడనట్టు పోతారు, కానీ "తీసుకో" అనాల్సింది వాళ్లు, మనం కాదు.

వైట్‌ఫీల్డ్_విక్కీ:
మా బ్యాచ్‌లో అందరం తీసుకుంటాం సార్, ఎవరూ చావలేదు.

జేపీనగర్_సుజాత:
విక్కీ గారి బ్యాచ్‌తో ఆడాలనుంది 😀

సరే, నెల్లూరు తమ్ముడికి చెడ్డ షాట్ల పేర్లు చెబుతా, ఎందుకంటే కోచ్ నోట ఎక్కువ వినిపించేవి అవే. కుడిచేతి వాటం వాళ్లకి బాల్ గాల్లో బాగా కుడికి వంగిపోతే స్లైస్, ఎడమకి వంగితే హుక్. కొత్తవాళ్లలో ఎక్కువమందిది స్లైసే. కావాలని కొద్దిగా కుడికి వంచితే ఫేడ్, ఎడమకి వంచితే డ్రా. అంటే అలా కావాలని వంచగలిగినవాళ్లకి కోచ్ ఫీజు గిట్టుబాటైనట్టు లెక్క. బాల్ నెత్తి మీద తగిలి నేల మీద దొర్లితే టాప్. బాల్‌కి ముందే మట్టి తవ్వితే ఫ్యాట్. క్లబ్ కర్ర, తల కలిసే చోట తగిలి బాల్ అడ్డంగా కుడికి దూసుకుపోతే షాంక్. షాంక్ అనే మాటని కోర్సు మీద పైకి అనకు, కొందరికి పట్టింపు.

కొట్టాలని ఊపి బాల్‌కి తగలకపోయినా అది ఒక షాటే. ఊరికే ప్రాక్టీస్ స్వింగ్ అయితే లెక్క లేదు.

ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యం: "ఫోర్!" అని ఎవరైనా అరిస్తే అటు తల తిప్పి చూడకు. చేతులు తల మీద పెట్టుకుని వంగిపో. నీ బాల్ మనుషుల వైపు వెళ్తుంటే నువ్వూ సిగ్గుపడకుండా గొంతు చించుకుని అరువు.

మైలాపూర్_మధు:
నేను చెన్నైలో ఆడతాను, పని మీద బెంగళూరు వచ్చినప్పుడు అక్కడా ఆడతాను. కేడీ (మన బ్యాగు మోస్తూ సలహా చెప్పే మనిషి) మాటలు కూడా తెలుసుకో తమ్ముడూ. "వన్ క్లబ్ అప్ సార్" అంటే నీ చేతిలో 7 ఐరన్ (7 నంబరు క్లబ్) ఉంటే 6 తీసుకోమని. అంకె తగ్గేకొద్దీ క్లబ్ వాలు తగ్గుతుంది, బాల్ ఎక్కువ దూరం పోతుంది. మా చెన్నై నందనం కోర్సులో సముద్రపు గాలి ఎదురైతే నాకు రోజూ ఇదే మాట. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పలచన, అదే క్లబ్‌తో బాల్ కాస్త ఎక్కువ పోతుంది. అక్కడ మొదటి రోజు గ్రీన్ దాటించేస్తుంటాను.

గ్రీన్ మీద "టూ కప్ లెఫ్ట్" అంటే హోల్ వెడల్పుకి రెండింతలు ఎడమకి గురిపెట్టమని. హోల్ వెడల్పు ఎక్కడైనా ఒకటే, 108 మిల్లీమీటర్లు. కేడీ చెప్పిన లైన్ నమ్మెయ్, నీ కళ్లని నమ్మకు. బెంగళూరులో కోలారు వైపు నుంచి వచ్చే కేడీలు కొందరు చక్కగా తెలుగు మాట్లాడతారు, ఒకసారి పలకరించి చూడు.

బెళ్ళందూరు_నెల్లూరోడు:
మధు గారూ సూపర్. రంగురంగుల కర్రలు పాతి ఉంటాయి కదా, వాటి సంగతేంటి?

ఇందిరానగర్_రావు:
తెల్ల కర్రలు దాటితే అవుట్ ఆఫ్ బౌండ్స్. అన్నిటికంటే చేదు ఇదే. ఒక పెనాల్టీ షాట్ వేసుకుని కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. టీ మీద కొట్టింది బయటికి పోతే తర్వాత కొట్టేది మూడో షాట్ అవుతుంది. బాల్ దొరక్కపోయినా ఇదే శిక్ష. వెతకడానికి 3 నిమిషాలే, 2019కి ముందు 5 ఉండేవి. అందుకే అనుమానంగా ఉంటే ముందుకు వెళ్లకముందే "ప్రొవిజనల్" అని పైకి చెప్పి ఇంకో బాల్ కొట్టుకో. చెప్పకుండా కొట్టావా, మొదటిది దొరికినా పనికిరాదు.

ఎర్ర కర్రలు, పసుపు కర్రలు పెనాల్టీ ఏరియా, సాధారణంగా చెరువులూ కాలువలూ. కేడీలు ఇప్పటికీ హజార్డ్ అనే అంటారు. ఎరుపైతే ఒక పెనాల్టీతో, బాల్ లోపలికి దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి బాల్ వదిలి ఆడొచ్చు. పసుపుకి ఆ సౌకర్యం లేదు, ఇంకా వెనక్కి పోవాలి. బంకర్ అంటే ఇసుక గుంట, అందులో పడితే పెనాల్టీ లేదు, కొట్టే ముందు బాల్ పక్కన ఇసుకకి క్లబ్ ఆనించకూడదు. బయటికొచ్చాక రేక్‌తో చదును చెయ్యి.

బెళ్ళందూరు_నెల్లూరోడు:
అందరికీ చాలా థాంక్స్. లాంగెస్ట్ డ్రైవ్ అంటే టీ షాట్ అందరికన్నా దూరం కొట్టడమని పేరులోనే ఉంది, ఎన్‌టిపి ఒక్కటే మిగిలింది.

కోరమంగళ_కిరణ్:
నియరెస్ట్ టు పిన్. పార్ 3లో టీ షాట్ గ్రీన్ మీద ఆగాలి, ఎవరిది జెండా కర్రకి దగ్గరగా ఉంటే వాళ్లకి బహుమతి. అక్కడ కాగితం పెట్టి ఉంటుంది, పేరు రాసుకోవాలి.

బెళ్ళందూరు_నెల్లూరోడు:
అయితే అది నాకు సంబంధం లేదులే.

జేపీనగర్_సుజాత:
అలా అనకు తమ్ముడూ. దానికి హ్యాండికాప్ లెక్క లేదు, పెద్ద స్వింగ్ అక్కర్లేదు, ఒక్క షాట్ సరిగ్గా తగిలితే చాలు. పెన్ను పట్టుకెళ్లు. అక్కడ పెట్టింది ఎప్పుడూ పనిచెయ్యదు.