అప్‌డేట్: లాక్ ఉన్న మ్యాప్ పీడీఎఫ్ ప్రింటులో మసకగా రావడం

టేబుల్ మీద బొమ్మలు పెట్టి ఆడే ఆట కోసం కొన్న డంజియన్ మ్యాప్ (గళ్లు గీసిన నేలమాళిగ పటం) స్క్రీన్ మీద బాగున్నా ప్రింటులో గళ్ల గీతలు చెదురుతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. ద్వారకానగర్‌లో ప్రింటు షాపాయన అక్రోబాట్‌లో (పీడీఎఫ్‌లు తెరిచే సాఫ్ట్‌వేర్) ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్ తెరవగానే విషయం తేలింది. ప్రింటింగ్ దగ్గర 'లో రిజొల్యూషన్' అని ఉంది, అంటే ఫైల్‌కి పెట్టిన లాక్ వల్ల ప్రింటు 150 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దాటదు. ప్రింటర్ డ్రైవర్‌కీ, పేపర్‌కీ దీంతో సంబంధమే లేదు.

పనిచేసింది మీలో ఒకరి సలహానే: ఆర్డర్ నంబరుతో అమ్మినవాళ్లకు మెయిల్ పెడితే లాక్ లేని పీఎన్‌జీ (బొమ్మ ఫైల్) పంపారు. 24×36 గళ్లకు 7200×10800 పిక్సెళ్లు, గడికి 300. 36 అంగుళాల వెడల్పు పేపర్ రోల్ మీద 24×36 అంగుళాల సైజులో తీయించండి. 'ఫిట్ టు పేజ్' తప్పకుండా తీసేయమనాలి, లేదంటే గడి అంగుళానికి తగ్గి మినియేచర్ల (ఆటలో వాడే చిన్న బొమ్మల) బేస్ పట్టదు. డబ్బిచ్చి కొన్నవాళ్లకే ఈ తాళం అడ్డమవడం మాత్రం అన్యాయం.