గ్రెగర్ సమ్సాను ఇంటివాళ్లు ఎప్పుడు వదులుకున్నారు?

ప్రశ్న: నిదానపాఠకుడు

కాఫ్కా రాసిన ‘మెటమార్ఫసిస్’ మీద ఒక సందేహం ఉంది. ఆ కథను శ్రద్ధగా చదివినవారు ఇక్కడ ఉన్నారని తెలుసు గనుక అడుగుతున్నాను. బట్టల కంపెనీ తరఫున ఊరూరా తిరిగే గ్రెగర్ సమ్సా ఒకనాటి ఉదయం నిద్ర లేచేసరికి పెద్ద పురుగుగా మారి ఉంటాడు. అతని జీతం మీదే బతుకుతున్న తల్లి, తండ్రి, పదిహేడేళ్ల చెల్లెలు గ్రేటా మొదట హడలిపోతారు, తర్వాత కొంతకాలం సర్దుకుంటారు, చివరికి అతణ్ణి వదిలించుకోవలసిందేనన్న నిర్ణయానికి వస్తారు. ఆ రాత్రి తెల్లవారేసరికి అతడు ప్రాణం విడుస్తాడు.

ఇంటివాళ్లు అతణ్ణి నిజంగా ఎప్పుడు వదులుకున్నారన్నది నా ప్రశ్న. ఈ కథ గురించి మాట్లాడే చాలామంది తండ్రి ఆపిల్ పండ్లు విసిరిన ఘట్టాన్నే చూపిస్తారు. వాటిలో ఒకటి వీపులో దిగబడి, తీసే ధైర్యం ఎవరికీ లేక అక్కడే ఉండిపోయి కుళ్లుతుంది. అది దారుణమే గానీ ఆవేశంలో జరిగిన పని, దాన్ని వెలివేత అనడానికి నాకు మనసొప్పడం లేదు. పైగా మన పురాణకథల్లో మనిషి రూపం మారితే దానికొక కారణం, శాపం పెట్టినవారు, విమోచనానికి ఒక దారి తప్పకుండా ఉంటాయి. అగస్త్యుని శాపంతో కొండచిలువగా పడివున్న నహుషునికి ధర్మరాజు చెప్పిన జవాబులతో విముక్తి కలిగింది. ఇక్కడ శాపమూ లేదు, విమోచనమూ లేదు. కారణమే లేనప్పుడు తప్పెవరిదని అడగవచ్చునా?

జవాబు: పుస్తకాల అర

నిదానపాఠకుడు గారూ, ఆపిల్ దాకా వెళ్లనక్కర లేదు. రెండో భాగం మొదట్లో, తండ్రి చిన్న ఇనప్పెట్టె తెరిచి ఇంటి ఆర్థిక పరిస్థితిని భార్యకూ కూతురికీ వివరించే పేజీని మళ్లీ చదవండి. అయిదేళ్ల కిందట వ్యాపారం దివాలా తీసినప్పుడు ఆ కుటుంబానికి ఏమీ మిగలలేదని గ్రెగర్ అప్పటిదాకా నమ్మాడు. తల్లిదండ్రులు తన యజమానికి బాకీ పడిన డబ్బు తీర్చడానికే ఆ ఉద్యోగంలో నలిగిపోతున్నాడు, ఇంకో అయిదారేళ్లు అలాగే గడపడానికి సిద్ధపడి ఉన్నాడు. ఇప్పుడు తలుపు వెనక నుంచి వింటే, పాత సొమ్ము కొంత మిగిలే ఉందనీ, దానికి వడ్డీ కూడా చేరిందనీ, తాను నెలనెలా ఇచ్చిన జీతంలోనూ కొంత దాచిపెట్టారనీ తెలుస్తుంది. ఆ మొత్తం కుటుంబం ఒక ఏడాది, మహా అయితే రెండేళ్లు గడపడానికి సరిపోతుంది.

అంటే ఆ డబ్బుతో యజమాని బాకీ ఎంతో కొంత తీర్చి, అతణ్ణి ఆ చాకిరీ నుంచి ముందే విడిపించే అవకాశం తండ్రి చేతిలో ఉండింది. గ్రెగర్‌కు కూడా ఆ ఆలోచన వస్తుంది, కానీ అతడు కోపగించుకోడు. నాన్న ముందుచూపుతో మంచి పనే చేశాడని తలుపు వెనక తల ఊపి సంతోషిస్తాడు. ఈ కథ మొత్తంలో నన్ను అన్నింటికంటే కలచివేసేది ఆ తల ఊపడమే. దాని పక్కనే మరో వాక్యం ఉంది: మొదట్లో అతడు సంపాదన తెచ్చి బల్ల మీద పెడితే ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయి ఆనందించేవారు, తర్వాత అందరికీ అది అలవాటైపోయింది, వాళ్లు కృతజ్ఞతతోనే తీసుకునేవారు, అతడూ ఇష్టంగానే ఇచ్చేవాడు, కానీ మునుపటి ఆప్యాయత మాత్రం మళ్లీ పుట్టలేదు. వదులుకోవడం పురుగు కాకముందే జరిగిపోయిందని నా అభిప్రాయం.

జవాబు: నల్లకలువ

పై జవాబుతో సగం ఏకీభవిస్తాను. తండ్రి విషయంలో అది నిజమే కావచ్చు గానీ, గ్రేటాను అదే గాటన కట్టడం అన్యాయం. మొదటి రోజు అన్న పాలు ముట్టలేదని గమనించి, మర్నాడు అతనికేది ఇష్టమో తెలుసుకోవడానికి పాత వార్తాపత్రిక మీద సగం కుళ్లిన కూరగాయలు, రాత్రి భోజనంలో మిగిలిన ఎముకలు, కిస్‌మిస్‌లు, బాదంపప్పులు, రెండు రోజుల కిందట గ్రెగరే తినడానికి పనికిరాదన్న జున్ను, వెన్న రాసిన రొట్టె, రాయని రొట్టె వరసగా పరిచిపెట్టింది ఆ అమ్మాయే. తాను చూస్తుంటే అతడు తినడానికి మొహమాటపడతాడని వెంటనే బయటికి వెళ్లి, నిశ్చింతగా ఉండమన్నట్టు తలుపుకు తాళం కూడా తిప్పింది. ఇంట్లో మంచాన పడినవారికి సేవ చేసిన ఎవరికైనా ఆ ఆదరం విలువ తెలుస్తుంది.

ఆ ఆదరం ఎలా అరిగిపోయిందో కాఫ్కా చాలా నిదానంగా చూపించాడు. గ్రేటా ఒక దుకాణంలో పనికి కుదిరి, రాత్రిపూట షార్ట్‌హ్యాండూ ఫ్రెంచీ నేర్చుకుంటుంది. తల్లి ఫ్యాషన్ దుకాణానికి బట్టలు కుట్టిపెడుతుంది. తండ్రి బ్యాంకులో నౌకరుగా చేరి, యూనిఫారం విప్పకుండానే కుర్చీలో నిద్రపోతుంటాడు. అప్పటి నుంచి చెల్లెలు హడావిడిగా ఏదో ఒక తిండిని కాలితో గదిలోకి నెట్టి పనికి వెళ్లిపోతుంది, సాయంత్రం అతడు తిన్నాడో లేదో చూడకుండా చీపురుతో ఊడ్చేస్తుంది. విచిత్రమేమిటంటే, ఒకసారి తల్లి బకెట్ల కొద్దీ నీళ్లు పోసి ఆ గది కడిగితే గ్రేటా అవమానంగా భావించి ఏడ్చేస్తుంది. తాను సరిగా చేయదు, ఇంకొకరిని చేయనివ్వదు. అది క్రూరత్వం కాదు, శక్తికి మించిన సేవను హక్కుగా పట్టుకుని వేలాడే మనిషి ప్రవర్తన. చివర్లో, ఈ జంతువు ఎదుట నా అన్న పేరు ఎత్తను, దీన్ని వదిలించుకోవాలని మొట్టమొదట అనగలిగినదీ ఆమే. అప్పటిదాకా ఆ గదిలోకి నిత్యం అడుగుపెట్టిన మనిషికి తప్ప ఆ మాట అనే అధికారం ఎవరికుంది?

జవాబు: ప్రాగ్ బాట

రచనాకాలం గురించి కొంత చెప్పడం ఈ చర్చకు అవసరం. కాఫ్కా ఈ కథను 1912 నవంబరు మధ్యలో మొదలుపెట్టి డిసెంబరు తొలివారంలో ముగించాడు. అప్పటికతడు ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి, తల్లిదండ్రులతో కలిసే ఉండేవాడు. అతని గది హాలుకూ పెద్దల పడకగదికీ మధ్య ఉండేది, ఆ నడవలకూ తలుపులకూ కథలోని ఇంటితో దగ్గరి పోలిక ఉంది. అంతకు కొన్ని వారాల ముందే, అక్టోబరులో, కుటుంబ పెట్టుబడితో నడుస్తున్న ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీని మధ్యాహ్నాలు వెళ్లి చూసుకోవాలని ఇంట్లో ఒత్తిడి చేశారు. ఎప్పుడూ తన పక్షం వహించే చిన్న చెల్లెలు ఓట్లా కూడా ఆనాడు పెద్దలతో చేరింది. చచ్చిపోవాలనిపించిందని కాఫ్కా మిత్రుడు మాక్స్ బ్రోద్‌కు ఉత్తరం రాస్తే, బ్రోద్ భయపడి అతని తల్లికి తెలియజేశాడు. నల్లకలువ గారు చెప్పిన గ్రేటా మాట వెనక ఈ సంఘటన నీడ ఉందని నా ఊహ. అలాగని గ్రెగరే కాఫ్కా అనను, ఎందుకంటే గ్రెగర్‌కు తన ఇంటివాళ్ల మీద కాఫ్కాకు ఉన్నంత కోపం లేదు.

1915లో పుస్తకం అచ్చవుతున్నప్పుడు, ముఖచిత్రం మీద పురుగును దూరం నుంచి కూడా చూపించవద్దని కాఫ్కా ప్రచురణకర్తకు రాశాడు. చివరికి ఒటోమార్ స్టార్కె వేసిన బొమ్మలో తెరిచిన తలుపు, లోపల చీకటి, ముఖం చేతులతో కప్పుకుని ఇవతల నిలబడిన ఒక మనిషి మాత్రమే ఉన్నారు. మన దృష్టి ఎటు ఉండాలని రచయిత కోరుకున్నాడో ఇంతకంటే చెప్పనక్కర లేదు. అయితే ముగింపు గురించి ఆయనతో నేను ఏకీభవించను. అది చదవడానికి వీల్లేకుండా ఉందని 1914 జనవరిలో డైరీలో రాసుకుని, మధ్యలో వచ్చిపడిన ఆఫీసు ప్రయాణాన్ని తప్పుపట్టాడు. నాకు మాత్రం ట్రాములో షికారు వెళుతూ, కూతురు ఎదిగింది, మంచి సంబంధం చూడాలని తల్లిదండ్రులు మనసులో లెక్కలు వేసుకునే ఆ చివరి పేరా లేకపోతే కథ సగమే అయ్యేదనిపిస్తుంది. ఇనప్పెట్టె లెక్క ఇప్పుడు గ్రేటా పేరు మీదికి మారింది.

జవాబు: గోదావరి గట్టు

పురాణాల మాటకొస్తే నహుషుడి కంటే అతని కొడుకు యయాతి కథ దీనికి దగ్గరిది. శుక్రుని శాపంతో ముసలితనం మీదపడితే, దాన్ని తీసుకోమని యయాతి కొడుకులను ఒక్కొక్కరినే అడుగుతాడు. నలుగురు కాదంటారు, పూరుడు ఒప్పుకుంటాడు. అక్కడ అడగడం, నిరాకరించడం, ఇవ్వడం అన్నీ బహిరంగంగా జరుగుతాయి. గ్రెగర్ ఏమీ అడగడు, అడిగినా అతని గొంతు ఎవరికీ అర్థం కాదు. అసలు కారణం గురించి అతడే ఆలోచించడు. ఒళ్లు మారిపోయిన ఉదయాన అతని బెంగంతా అయిదు గంటల రైలు తప్పిపోయిందని.

ఇక మీ ప్రశ్నకు నా జవాబు ఒక చిన్న వాక్యంలో ఉంది. మొదటి ఉదయం తల్లి కంగారుపడి డాక్టరు కోసం గ్రేటాను పరుగెత్తిస్తుంది, తాళాలు తీసేవాడి కోసం పనిమనిషి వెళుతుంది. రెండో భాగంలో ఎక్కడో దాని సంగతి వస్తుంది: ఆ డాక్టరునూ తాళాలు తీసేవాణ్ణీ ఏ సాకులు చెప్పి ఇంట్లోంచి పంపేశారో గ్రెగర్‌కు తెలియనే లేదు. ఆ తర్వాత వీపులో పండు కుళ్లుతున్నా, అతడు నెల పైగా కుంటుతూ తిరిగినా, డాక్టరు మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడదు. కారణం లేదు కాబట్టి తప్పెవరిదని అడగలేమని మీరన్నారు. కారణం తెలుసుకోవాలని ఎవరూ ప్రయత్నించకపోవడం మాత్రం తప్పే కదా?

నల్లకలువ: డాక్టరును లోపలికి రానిస్తే విషయం ఊరంతా పొక్కుతుందన్న భయం వాళ్లకు ఉండి ఉండదా? కుటుంబ పరువు అనేది ఒకటుంటుంది.

గోదావరి గట్టు: కంపెనీ హెడ్ గుమాస్తా ఆ ఉదయమే గ్రెగర్‌ను కళ్లారా చూసి, టోపీ, చేతికర్ర, ఓవర్‌కోటు అక్కడే వదిలేసి మెట్లమీదుగా కేకపెడుతూ పారిపోయాడు. ఆ తర్వాత ఇక దాచడానికి ఏముంది? పని మానేసి వెళ్లిపోయిన పనిమనిషి కూడా, ఎవరికీ చెప్పనని తనంతట తానే ఒట్టు వేసింది గానీ ఆ ఇంట్లో ఎవరూ వేయించుకోలేదు.