అమ్మకానికి పెట్టే ముందు ఇంటికి ఏం చేయిస్తే రేటు పలుకుతుంది? గోడలకి చెమ్మ ఉంది (అమలాపురం దగ్గర)

అడిగినవారు: కాలవగట్టు

అమలాపురం దగ్గర పల్లెలో, ఏటిగట్టుకి ఊరివైపున, 5 సెంట్లలో స్లాబు ఇల్లండి. 1996లో కట్టింది, 1,200 చదరపు అడుగులు. నాన్నగారి పేరున ఉంది, ఆయన లేరు. అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నాం. గోడలు కింద రెండడుగుల మేర పెచ్చులు ఊడిపోతున్నాయి, తెల్లగా ఉప్పు పూస్తోంది. వెనక సన్‌షేడు దగ్గర ఊచలు బయటపడ్డాయి. మూడడుగుల ఎత్తున గోడకి టైల్స్ అంటించేస్తే చెమ్మ కనపడదని మేస్త్రి అంటున్నారు. పుట్టీ పెట్టి రంగేస్తే చాలని పెయింటరు మాట. చేతిలో 2 లక్షలున్నాయి. ముందు ఏది చేయించాలి?

జవాబు: ఇసుకమేట

ఇద్దరి మాటా వినకండి. టైల్స్ అంటిస్తే చెమ్మ ఎక్కడికీ పోదు. కింద ఆరే దారి మూసుకుపోయి నాలుగైదు అడుగుల దాకా ఎక్కుతుంది, టైల్స్ పైఅంచున మళ్లీ ఉప్పు పూస్తుంది. పైగా హాల్లో మూడడుగుల టైల్స్ కనపడగానే కొనేవాళ్లు అక్కడే తట్టి చూస్తారు. మన డెల్టాలో ఆ గుట్టు తెలియనివాళ్లు లేరు.

ముందు చెమ్మ ఎటునుంచో తేల్చండి. రెండడుగుల చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకి నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచండి. గోడవైపు నీటిబొట్లు పడితే చెమ్మ గోడలోనిది. గదివైపు పడితే అది గాలిలోని తేమ, కిటికీలు తీసి ఉంచితే సరిపోతుంది. గోడలోదే అయితే బయట నేల చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా ఇళ్లకి వాకిలి మట్టి బేస్‌మెంటు పైకి వచ్చేసి ఉంటుంది. బేస్‌మెంటు మీద డీపీసీ పొర (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసేది) వేసి ఉన్నా, మట్టి దాని పైకి వచ్చాక ఆ పొర ఎందుకూ పనికిరాదు. ఇంటి చుట్టూ ఆ మట్టిని పొరకి ఆరంగుళాలు దిగువ వరకు తీయించి, నీళ్లు బయటికి వాలేలా గట్టి చేయండి. చాలాసార్లు సగం చెమ్మ దీంతోనే తగ్గుతుంది, ఖర్చు కూలిడబ్బులే.

ఆ తర్వాత చెమ్మ గీతకి పైన ఇంకో అడుగు కలిపి పాత పూత ఇటుక కనపడే దాకా కొట్టించండి. నేలకి ఆరంగుళాల పైన, ఇటుకల మధ్య అతుకు వరసలో 12 మిల్లీమీటర్ల డ్రిల్లుతో నాలుగు, నాలుగున్నర అంగుళాలకొకటి చొప్పున, తొమ్మిదంగుళాల గోడకి ఎనిమిది అంగుళాల లోతున రంధ్రాలు వేసి సైలేన్ క్రీము నింపిస్తారు. ఆ వరస నుంచి నీరు పైకి ఎక్కదు. గోడలో అప్పటికే ఉన్న నీరు మాత్రం నెలల తరబడి ఆరుతూ ఉంటుంది, మేస్త్రులు ఎగ్గొట్టేది ఇక్కడే. తడి ఇటుక మీదే పూత వేసేస్తారు, ఏడాదికల్లా మళ్లీ ఊడుతుంది.

అందుకే పని వేసవిలో పెట్టుకోండి. కాలవలకి నీళ్లు ఆపేసే ఏప్రిల్, మే నెలల్లో భూగర్భ నీరు దిగుతుంది, గోడలు బాగా ఆరేది అప్పుడే. కాలవ నీళ్లు ఆపగానే పాత పూత కొట్టించి, నెలరోజులు ఇటుకని ఎండకీ గాలికీ వదిలేయండి. మే నెలలో పూత వేయించి ఏడు రోజులు తడపండి. ఇసుక గోదావరిదే వాడండి, ఉప్పు నీళ్ల బోరు ఉంటే తడపడానికీ మాలు కలపడానికీ ఆ నీళ్లు వద్దు. పూతకీ రంగుకీ మధ్య 28 రోజులు వదలండి. తొందరపడితే కొత్త పూతలోని క్షారం రంగుని తినేస్తుంది. గది లోపల వేసేది గనక జూన్ వానలు పెద్దగా అడ్డం కాదు.

జవాబు: ఊచ కట్టర్

సన్‌షేడు విషయం చెప్తాను. సుత్తి పిడితో అడుగుకోసారి తట్టుకుంటూ పోండి, బోలుగా మోగిన చోటల్లా కాంక్రీటు విడిపోయింది. ఊచ వెనకకి వేలు దూరేంత వరకు చెక్కించి, వైరు బ్రష్షుతో తుప్పు పోయేలా రుద్ది, జింక్ ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. ఊచ మందం పావువంతు కంటే ఎక్కువ తగ్గిపోతే పక్కన కొత్త ఊచ కట్టాలి. ఉత్తి సిమెంటు రాసేస్తే ఒక వానాకాలం దాటదు.

డాబా నుంచి కిందికి నీళ్లు దిగుతున్నాయేమో చూడాలంటే గొట్టాలకి గుడ్డ కుక్కి, ఒక అంగుళం నీరు నిలబెట్టి 48 గంటలు వదలండి. కింద మరక వస్తే ముందు అది బాగు చేయించి, ఆ తర్వాతే సీలింగుకి రంగు.

జవాబు: దస్తావేజుల పెట్టె

గోడల సంగతి సరే, కాగితాలు సిద్ధంగా లేకపోతే బేరం అక్కడే తెగిపోతుంది.

నాన్నగారు వీలునామా రాయకపోతే అమ్మగారు, మీరు, చెల్లెళ్లిద్దరూ అందరూ సంతకం పెట్టాలి. నాయనమ్మగారు అప్పటికి ఉండి ఉంటే ఆవిడా వారసురాలే. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకుని, పంచాయతీలో ఇంటిపన్ను పేరు మార్పించండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం) 30 ఏళ్లకి తీసి చదవండి. ఎప్పుడో బ్యాంకులో దస్తావేజు పెట్టి లోను తీసుకుని, ఆ తనఖా రిజిస్టరు చేయించి ఉంటే అది ఈసీలో ఉంటుంది. లోను కట్టేసినా విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించకపోతే ఆ భారం అలాగే కనపడుతుంది, కొనేవాళ్ల బ్యాంకు అక్కడే ఆగిపోతుంది.

పట్టాదారు కాగితం లేని గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లకి వదిలిన స్థలం) అయితే ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయని నిషేధిత జాబితాలో, అదే 22ఏలో, ఉందేమో ముందుగా చూసుకోండి. స్థలాన్ని టేపుతో కొలిచి, 5 సెంట్లంటే 242 గజాలు, దస్తావేజుతో పోల్చండి. హద్దులు తేడా వస్తే సవరణ దస్తావేజుకి అమ్మినవాళ్ల సంతకం కావాలి, వాళ్లు దొరకడమే పెద్ద పని. పాత కాగితాల్లో తూర్పుగోదావరి జిల్లా అని ఉంటే కంగారు పడొద్దు, కోనసీమ జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న.

కాలవగట్టు

ఇసుకమేట గారూ, దస్తావేజుల పెట్టె గారూ, చాలా థాంక్స్ అండి. విడుదల దస్తావేజు సంగతి అస్సలు తట్టలేదు, ఈసీ తీస్తాను. రంగుకి ఎంత పడుతుంది? గోడ వైపున్న రెండు కొబ్బరి చెట్లు కొట్టించేయాలా? మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే రేటు పెరుగుతుందంటున్నారు.

జవాబు: ఇసుకమేట

కిచెన్ జోలికి పోకండి. పాత ఇల్లు కొనేవాళ్లు చాలామంది తమ వాస్తు ప్రకారం మళ్లీ తీయించుకుంటారు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. కుళాయిలు, తలుపు గడియలు, విరిగిన స్విచ్చులు మార్పించండి, చాలు.

లోపలి గోడలు, సీలింగు కలిపి దాదాపు 3,500 చదరపు అడుగులు అవుతాయి. ఎమల్షన్ రెండుసార్లు వేయడానికి లీటరుకి 60, 70 చదరపు అడుగులు లెక్కేసుకుంటే 50 నుంచి 58 లీటర్లు. అన్ని గదులకీ ఒకటే లేత రంగు వేయించండి. చెమ్మ ఆరని గోడని మాత్రం వదిలేసి, క్రీము పట్టించాం ఇంకా ఆరుతోంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. క్రీము బిల్లు చేతిలో ఉంటే ఆ గోడ గురించి పెద్దగా బేరం ఉండదు.

చెట్లు గోడకి ఆనుకుని వాలి ఉంటేనే తీయించండి. కాయ కాసే చెట్టు కొనేవాళ్ల కంటికి ఆస్తే.

2022 జూలై వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని తప్పకుండా అడుగుతారు. పక్కింటివాళ్లు ఎలాగూ చెప్తారు కాబట్టి మీరే ముందు చెప్పండి. బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) పరీక్ష కాగితం కూడా చేతిలో ఉంచండి. తాగే నీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీరు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆషాఢంలో ఎవరూ రారు, శ్రావణానికి ఫోటోలు పెట్టండి. మబ్బు లేని ఉదయం, కిటికీలన్నీ తీసి.