చేతులు కాయలు కాచాయి: ఇది ఏ కాపు?

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు: "చేతులు కాయలు కాచాయి అంటాం కదా, అది చెట్టు కాపా, కాపలా కాయడమా?" అప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది.

మాది అనంతపురం వైపు. ముంగారుకు, అంటే తొలకరి వానల పంటకు ముందు విత్తనం శెనక్కాయలు చేత్తోనే ఒలిచేవాళ్లం, మిషన్‌కు వేస్తే పప్పు బద్దలవుతుందని. కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దాని ముక్కు దగ్గర నొక్కితే టప్పున పగిలేది. మొదటి రోజు సాయంత్రానికే నా వేలికి బొబ్బ లేచేది. మా అమ్మ వేలి మీద అదే చోట చర్మం పసుపురంగుకు తిరిగి, నున్నగా, గట్టిగా ఉండేది. "నాకు కాయ కాసిండాది నాయనా, నీకింకా కాయలే" అనేది.

ఆ రెండూ ఒకే రాపిడికి చర్మం ఇచ్చే రెండు జవాబులు. రాపిడి ఉన్నట్టుండి ఎక్కువైతే పైచర్మంలోని పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. అదే బొబ్బ. పైచర్మంలో రక్తనాళాలు లేవు కాబట్టి ఆ నీరు తేటగా ఉంటుంది. అదే రాపిడి కొంచెం కొంచెంగా రోజూ తగులుతుంటే, అడుగు పొరలో కొత్త కణాలు త్వరత్వరగా పుడతాయి. అవి పైకి జరుగుతూ కెరాటిన్‌తో (గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే గట్టి ప్రొటీన్‌తో) నిండి, చదునై, చచ్చిపోతాయి. మామూలుగా నెల రోజుల్లో రాలిపోవాల్సినవి అక్కడే పేరుకుంటాయి. అదే కాయ. పైనున్నవన్నీ చచ్చిన కణాలే కాబట్టి గోకినా నొప్పి ఉండదు.

నా ఉద్దేశంలో మాట చెట్టు కాపుదే. అరికాలిలో వచ్చేదాన్ని ఆనెకాయ అంటాం చూడండి, అక్కడ క్రియే లేదు, ఉన్నది కాయ ఒక్కటే. గట్టిగా, ఉబ్బెత్తుగా కనిపించేదానికి పెట్టిన పేరది. కానీ అది చేసే పని మాత్రం కాపలానే, కింద ఉన్న మెత్తని చర్మాన్ని కాస్తుంది. 'కాచు' అన్న ఒక్క మాటలో రెండు అర్థాలూ ఉండటం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

"తోలు మొద్దుబారింది అంటే సరిపోదా?" అని ఇంకొకరు రాశారు. నాకు సరిపోదనే అనిపిస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడే మేకతోలునే తీసుకోండి. వెంట్రుకలతో పాటు పైచర్మం పోయాక మిగిలే లోపలి చర్మమే తోలు. కాయ కాసేది ఆ పోయిన పొరలోనే.

ఇక "ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయి" అన్న మాట. పైచర్మం అరికాలిలో 1.5 మి.మీ. దాకా ఉంటే, కనురెప్ప మీద 0.05 మి.మీ. మాత్రమే. ఒళ్లంతటిలో అతి పల్చని చోట కాయ కాసిందంటే ఆ ఎదురుచూపు ఎంతదో! వాన కోసం మా ఊళ్లో ఈ మాట వినని ఏడాది లేదు.

బొబ్బ ఎండిపోయి ఇంకా కాయ కాయని ఆ మధ్య దశకు కర్నూలు, కడప వైపు ఏమైనా పేరుందా? మా అమ్మ చెప్పిన గుర్తు లేదు.