ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ: పెట్టిన డబ్బు, పోయిన జీతం ఎన్నేళ్లకు తిరిగి వస్తాయి?

ప్రశ్న – గాజువాక తండ్రి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది కెమిస్ట్రీతో బీఎస్సీ పూర్తి చేసింది. పరవాడలోని ఒక ఫార్మా కంపెనీ క్యూసీ (మందుల నాణ్యతను పరీక్షించే) విభాగంలో ట్రైనీగా తీసుకుంటామని, కోతలన్నీ పోను చేతికి నెలకు 18,000 రూపాయలు వస్తాయని చెప్పారు. మరోవైపు పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌లో వచ్చిన ర్యాంకును బట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ సీటు, కనీసం సెల్ఫ్ ఫైనాన్స్ (ఎక్కువ ఫీజు కట్టే సీటు) కింద, వస్తుందని ఆశ ఉంది. ఇంటి నుంచే బస్సులో వెళ్లి వస్తుంది కనుక హాస్టల్ ఖర్చు ఉండదు. ఫీజు, పుస్తకాలు, రాకపోకలు అన్నీ కలిపి రెండేళ్లకు లక్షన్నర అవుతుందని మా ఇంటి అంచనా.

నేను ఫిట్టర్‌ని, ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు కాబట్టి, అమ్మాయి ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉండగానే వాడి ఇంజనీరింగ్ ఫీజు కూడా మొదలవుతుంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారి కరపత్రంలో అత్యధిక ప్యాకేజీ అని పెద్ద అంకె వేశారు, కాని అక్కడి ఫీజు మా స్తోమతకు మించినది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివినవారికి నిజంగా ఎంత జీతం వస్తుందో, ఈ రెండేళ్లు ఎన్నేళ్లకు గిట్టుబాటు అవుతాయో లెక్క వేసుకునే పద్ధతిని ఎవరైనా చెప్పగలరా?

జవాబు – విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, పెదవాల్తేరు

అయ్యా, మీరు ఫీజును లెక్కపెట్టారు గాని, అంతకంటే పెద్ద ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు. అమ్మాయి ఈ రెండేళ్లూ ఉద్యోగం చేస్తే వచ్చే జీతం 18,000 చొప్పున 24 నెలలకు 4,32,000 రూపాయలు. చదువుకు వెళ్తే ఆ సొమ్ము చేతికి రాదు కనుక అదీ పెట్టుబడిలో భాగమే. మీరు చెప్పిన లక్షన్నరతో కలిపితే మొత్తం 5,82,000 రూపాయలు అవుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువు చవక అని మనమందరం అనుకుంటాం. ఫీజు వరకు అది నిజమే కాని, వయసులో ఉన్న మనిషి రెండేళ్ల సంపాదన పోవడం ఏ విశ్వవిద్యాలయంలో చేరినా ఒక్కటే.

ఇక రాబడి వైపు చూద్దాం. ఎమ్మెస్సీ తరువాత వచ్చే జీతాన్ని ఇవాళ్టి 18,000తో పోల్చకూడదు, బీఎస్సీతోనే చేరి రెండేళ్లు పనిచేసిన మనిషికి ఆనాటికి వచ్చే జీతంతో పోల్చాలి. ఇంక్రిమెంట్లు కలిసి అది 21,000 అయిందనుకోండి. ఎమ్మెస్సీ పూర్తి చేసినవారిని 24,000కు తీసుకుంటే తేడా నెలకు 3,000, ఏడాదికి 36,000. అంటే పెట్టిన 5,82,000 తిరిగి రావడానికి పదహారేళ్లకు పైగా పడుతుంది. అదే 29,000కు తీసుకుంటే తేడా ఏడాదికి 96,000 అవుతుంది, ఆరేళ్లు దాటగానే పెట్టుబడి చేతికి వస్తుంది. ఇవి లెక్క తెలియడానికి నేను వేసుకున్న అంకెలే. మీరు చేయవలసిందల్లా ఈ రెండు జీతాల స్థానంలో మీకు అందిన నిజమైన అంకెలు వేసుకోవడం. ఈ తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరగవచ్చు, తగ్గవచ్చు, అది ఆ రంగంలో పనిచేసేవారే చెప్పాలి.

కరపత్రంలోని అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థి సంగతి మాత్రమే. సగటును కూడా నమ్మకండి. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదికి 2,40,000, ఒక్కరికి 20 లక్షలు వస్తే సగటు 4,16,000 అని తేలుతుంది, ఆ జీతం మాత్రం పదిమందిలో ఎవరికీ రాదు. అందుకే మధ్యగతం అడగాలి, అంటే జీతాలన్నింటినీ వరుసలో పేర్చినప్పుడు నడుమ నిలిచే అంకె. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. (దేశంలోని ఉన్నత విద్యాసంస్థల) ర్యాంకుల కోసం ప్రతి సంస్థా కోర్సు కాలవ్యవధిని బట్టి ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యగత వార్షిక జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అన్న వివరాలను సమర్పించి, తన వెబ్‌సైటులో కూడా ఉంచాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పత్రాన్ని, ఆ ప్రైవేటు సంస్థ పత్రాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. ఆ మధ్యగతం ఉద్యోగం వచ్చినవారికి మాత్రమే చెందినది, అరవై మందిలో ఇరవై మందికే ఉద్యోగం వచ్చి ఉంటే మిగిలిన నలభై మంది గతి ఆ అంకెలో కనిపించదు. రెండవది, రెండేళ్ల పీజీ కోర్సులన్నింటికీ కలిపి ఒకే అంకె ఇస్తారు కనుక ఎంబీఏ, ఎమ్మే, ఎమ్మెస్సీ అన్నీ ఒకే గంపలో పడతాయి. మీకు కావలసింది ఆర్గానిక్ కెమిస్ట్రీ అంకె, అది విభాగానికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. అమెరికాలో ప్రభుత్వమే కాలేజ్ స్కోర్‌కార్డ్ పేరుతో, ఫెడరల్ ఆర్థిక సహాయం పొందిన విద్యార్థుల సంపాదనను పన్ను రికార్డుల నుంచి లెక్కగట్టి, కాలేజీలో చేరిన పదేళ్లకు వారి మధ్యగత ఆదాయం ఎంతో చూపుతుంది. 1926లో పుట్టి నూరేళ్లు పూర్తి చేసుకున్న మన విశ్వవిద్యాలయం తన పూర్వ విద్యార్థుల గురించి, కోర్సుల వారీగా, ఆ మాత్రం లెక్కను ప్రజల ముందు పెట్టాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మీలాంటి తల్లిదండ్రులు ఊహల మీద ఆధారపడి లక్షల రూపాయల నిర్ణయం తీసుకోవలసి రావడం న్యాయం కాదు.

జవాబు – పరవాడ ఉద్యోగి

మాస్టారు అడిగిన తేడా గురించి నాకు తెలిసినంత చెబుతాను. నేను బీఎస్సీతోనే 2012లో క్యూసీలో చేరాను. మొదటి నాలుగైదేళ్లు, ఎమ్మెస్సీ చేసి వచ్చిన నా స్నేహితులకూ నాకూ జీతంలో పెద్ద తేడా లేదు. నిజానికి వారు చేరేనాటికి హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) మీద నా చెయ్యి తిరిగి ఉండటం వల్ల నేనే ముందున్నాను. తేడా ఆ తరువాత మొదలైంది. ఆర్ అండ్ డీలో (పరిశోధన విభాగంలో) సింథసిస్, అంటే కొత్త రసాయనాలు తయారుచేసే పని, వైపు వెళ్దామని నేను దరఖాస్తు చేసిన ప్రతిచోటా ఎమ్మెస్సీ ఆర్గానిక్ అడిగారు, నా అనుభవాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నాతో సమానంగా ఉన్నవారు ఆ వైపు వెళ్లి, తరువాత హైదరాబాదుకు మారి, ఇప్పుడు నాకంటే చాలా ఎక్కువ తీసుకుంటున్నారు. కాని ఎమ్మెస్సీ చేసి కూడా క్యూసీలోనే షిఫ్టులు చేస్తూ ఉండిపోయినవారికి ఆ రెండేళ్లు ఇప్పటికీ గిట్టుబాటు కాలేదు. అందుకని పట్టా వస్తుందా లేదా అన్నదానికంటే, ఆ పట్టాతో అమ్మాయి ఏ విభాగంలోకి వెళ్లాలనుకుంటోంది అన్నదే మీ లెక్కలో అసలైన అంకెను నిర్ణయిస్తుంది.

ఇంకొక మాట. కంపెనీవారు చెప్పిన 18,000 ట్రైనీ కాలానికా, ఆ తరువాతి జీతమా, ట్రైనింగ్ ఎన్నాళ్లు, ఇన్నేళ్లు మానకూడదని బాండు ఏమైనా రాయించుకుంటారా అన్నవి ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. కంపెనీ బస్సు గాజువాక మీదుగా వస్తుందో లేదో, రాత్రి బి షిఫ్టు ముగిశాక ఇంటి దగ్గర దింపుతుందో లేదో కూడా అడగండి.

జవాబు – పరిశోధక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

అంకుల్ గారూ, పై ఇద్దరూ ప్రైవేటు ఉద్యోగాన్నే దృష్టిలో పెట్టుకున్నారు. ఎమ్మెస్సీతో తెరుచుకునే మరో దారి ఉంది. రెండో ఏడాదిలో ఉండగానే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు వస్తాయి. చదువు కొనసాగుతూనే ఇంటికి డబ్బు వచ్చే దారి ఇది. జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ తప్పనిసరి, డిగ్రీ కాలేజీ అధ్యాపక అర్హతకు మన విశ్వవిద్యాలయమే ఏపీసెట్ అనే రాష్ట్రస్థాయి పరీక్ష నిర్వహిస్తుంది. కాని ఒక మాట దాచకుండా చెప్పాలి, జేఆర్ఎఫ్ అందరికీ రాదు. నాకు మూడో ప్రయత్నంలో వచ్చింది, ఆ మధ్యకాలంలో ట్యూషన్లు చెప్పుకుని గడిపాను. కాబట్టి ఫెలోషిప్‌ను ఖాయమైన రాబడిగా మీ లెక్కలో వేసుకోవద్దు.

నా సహాధ్యాయినులలో కొందరిని, పెళ్లి కుదిరేదాకా ఊరికే ఉండటమెందుకని పీజీలో చేర్పించారు. వారిలో చాలామంది ఆ పట్టాను ఒక్కరోజు కూడా ఉపయోగించలేకపోయారు. మీరు జీతం లెక్క అడుగుతున్నారంటే అమ్మాయి ఉద్యోగం చేయాలనే కోరుకుంటున్నారని అర్థమై నాకు ఎంతో సంతోషం కలిగింది. ఈ జవాబులన్నీ ఆమె చేతికిచ్చి చదివించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన – గాజువాక తండ్రి

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి అన్నీ చదివి, తనకు సింథసిస్ వైపే ఇష్టమని, క్యూసీలో ఉండిపోవాలని లేదని చెప్పింది. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న నేను అడగలేదు. వచ్చే సోమవారం సెలవు పెట్టి, ఇద్దరం కెమిస్ట్రీ విభాగానికి వెళ్లి, గత రెండు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఆర్ అండ్ డీలో ఉద్యోగం వచ్చింది, మొదటి జీతం ఎంత అన్నవి అడుగుతాం. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుందో ఉండదో కూడా అక్కడే తెలుసుకుంటాం. ఒక్క సందేహం మిగిలింది. ఒక ఏడాది ఉద్యోగం చేసి, అబ్బాయి ఫీజుకు కొంత వెనకేసి, ఆ తరువాత ఎమ్మెస్సీలో చేరితే నష్టమా?

జవాబు – పరవాడ ఉద్యోగి

నష్టమని చెప్పలేను, కాని మళ్లీ పీజీసెట్ రాయాలి. షిఫ్టులు చేస్తూ చదవడం ఎంత కష్టమో నాకు అనుభవమే, నేను రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాను. చేతికి జీతం అలవాటయ్యాక దాన్ని వదులుకోవడానికి ఇల్లూ ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోదు. అమ్మాయికి సింథసిస్ వైపే వెళ్లాలని ఉండి, ఈ ఏడాది సీటు వస్తే, ఇప్పుడే చేర్పించండి. అబ్బాయి మొదటి ఏడాది ఫీజు కోసం మాత్రం బ్యాంకులో విద్యారుణం గురించి ముందుగానే మాట్లాడి పెట్టుకోండి.