ఈఎస్‌డీ (స్టాటిక్ కరెంట్ షాక్) టెస్ట్: పొలారిటీ (ప్లస్/మైనస్) మార్చగానే మొదటి షాట్‌కే రీసెట్, తర్వాత తొమ్మిదీ పాస్

ప్రశ్న:
బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ కేస్ డేటా లాగర్. ఎర్త్ ఎక్కడా లేదు. ఈఎస్‌డీ టెస్ట్ ప్రమాణం ఐఈసీ 61000-4-2 ప్రకారం యూఎస్‌బీ షెల్ (కనెక్టర్ లోహపు తొడుగు) మీద 4 కిలోవోల్టుల కాంటాక్ట్ డిశ్చార్జ్ (ఈఎస్‌డీ గన్ మొన ఆనించి కొట్టే షాట్), సెకనుకి ఒకటి చొప్పున. నిన్న ప్లస్‌లో పదికి పది పాస్. ఇవాళ మైనస్‌తో మొదలుపెడితే పాస్, ప్లస్‌కి మార్చిన మొదటి షాట్‌కే రీసెట్, ఆపై తొమ్మిదీ పాస్. బోర్డు, ఫర్మ్‌వేర్, గన్ అన్నీ అవే. లోపం బోర్డులోనా, సెటప్‌లోనా?

జవాబు 1:
ముందు సెటప్ చూడండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య ప్రాడక్ట్ మీది చార్జ్ తీసేస్తున్నారా? గన్‌లో ఉండేది 150 పికోఫారడ్లు. మీ లాగర్‌కి కింద టేబుల్ మీదున్న లోహపు ప్లేట్‌తో 50 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుంటే, 4 కిలోవోల్టుల షాట్ తర్వాత దాని మీద 3 కిలోవోల్టులు మిగిలిపోతాయి. అదే పొలారిటీలో తర్వాతి షాట్‌కి తేడా 1 కిలోవోల్టే. పొలారిటీ తిప్పితే ఏకంగా 7! అంటే మీ రీసెట్ 4 దగ్గర వచ్చింది కాదు, నిన్నటి పాస్‌లో కూడా మొదటి షాట్ తప్ప మిగతా తొమ్మిదీ లెక్కలోకి రావు.

రెండు చివర్లా 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న బ్లీడ్ కేబుల్‌తో (చార్జ్ దించే తీగ) యూఎస్‌బీ షెల్‌ని హారిజాంటల్ కప్లింగ్ ప్లేన్‌కి, అంటే ఆ టేబుల్ ప్లేట్‌కే, కలపండి. ఒక రెసిస్టర్ షెల్‌కి ఆనుకున్నంత దగ్గరగా ఉండాలి. లేకపోతే వైరే యాంటెన్నా అయి కూర్చుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆ కేబుల్ అలాగే ఉంచి షాట్ కొడితే రిజల్ట్ మారదా అండీ?

జవాబు 1:
మారే అవకాశం ఉంది. అనుమానముంటే షాట్ కొట్టేటప్పుడు కేబుల్ తీసేసి, తర్వాత తాకించండి. వివాదం వస్తే కేబుల్ తీసి చేసిన టెస్టుకే విలువ. చార్జ్ ఎంత వేగంగా దిగుతుందో చెప్పే టైమ్ కాన్‌స్టంట్ 50 మైక్రోసెకన్ల లోపే కాబట్టి ఒక్క తాకు చాలు.

జవాబు 2:
పై మాటే అసలు కారణం అనిపిస్తోంది. కానీ చార్జ్ తీశాక కూడా రీసెట్ వస్తే, ఊహించకుండా బూట్ అవగానే మైక్రోకంట్రోలర్ రీసెట్ కారణం రిజిస్టర్ చదివి లాగ్ చేయండి. రీసెట్ పిన్ అని వస్తే ఆ పిన్ పక్కనే గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. దాన్ని 2 సెంటీమీటర్ల అవతల పెడితే ఫలితం అంతంత మాత్రమే, ఎందుకంటే కరెంట్ ఎక్కే సమయం 0.8 నానోసెకన్లు. బ్రౌన్‌అవుట్ (సప్లై వోల్టేజ్ పడిపోవడం) అని వస్తే సప్లై, గ్రౌండ్ దారులు చూడాలి. వాచ్‌డాగ్ (కోడ్ ఆగిపోతే రీసెట్ చేసే టైమర్) అయితే కోడ్ ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి.

ఇంకొకటి, గన్ రిటర్న్ కేబుల్ (గన్ నుంచి గ్రౌండ్‌కి వెళ్ళే తీగ) రోజూ ఒకే దారిలో, ప్రాడక్ట్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో పోవాలి. ఫోటో తీసి పెట్టుకోండి. గాలిలో తేమ లెక్క ప్రధానంగా ఎయిర్ డిశ్చార్జ్‌కి (గాలిలోంచి దూకే షాట్), కాంటాక్ట్‌లో దాన్ని అంతగా అనుమానించక్కర్లేదు.